మజ్జిగ దాకా

తిరుపతిలో ఆసుపత్రి ఎదురుగా ఉన్న మెస్సులో అక్కా తమ్ముడూ అరిటాకుల ముందు కూర్చున్నారు. ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్ళొచ్చిన అక్క అన్నం కలుపుతోందే కానీ ముద్ద ఎత్తడం లేదు.

"ఎవురక్కా ఫోన్లో?"

"ఆస్పత్రోళ్ళు. ఏదో సంతకం కావాలంట. నువ్వు తిను. నిన్నట్నుంచి కాఫీ నీళ్ళే కదా."

"నువ్వు తినలేదే?"

"నాకు సయించలే. రసం పోసుకో."

పోసుకున్నాడు. ఆమె సర్వరును పిలిచి, మజ్జిగలోకని తమ్ముడికి మళ్ళీ అన్నం పెట్టించింది.

"నాయనకు ఇడ్లీ పార్సిల్ సెప్పేదా? రేపు వార్డుకు మారుస్తామనినారు కదా."

"ఇంక వద్దులేరా."

మజ్జిగన్నం నోట్లోనే ఆగింది.

"ఎప్పుడు?"

"ఇందాక ఫోనొచ్చినప్పుడే."

"నాకు సెప్పలేదే?"

"సెప్తే ఆకు ముందర్నుంచి లేస్తావు. కొరివి పెట్టాల్సినోడివి, అంతా అయ్యేదాకా మెతుకు ముట్టవు. మజ్జిగ దాకా రానీలే అనుకుంటి."

ఆమె కళ్ళు తడి కాలేదు. అతనివీ కాలేదు. మిగిలిన ముద్ద తినేసి, చావు భోజనాల్లో మడిచినట్టు ఆకును ఇవతలికి కాక అవతలికి మడిచాడు.

సర్వరు చూశాడు. "ఏందప్పా, భోజనం బాగలేదా?"

"బాగుండాది" అన్నాడు. "కడుపు నిండింది."