కొండదయ్యం గోరు

చిచిబు కొండ మీది గుడిలో ముసలి పూజారి పట్టుగుడ్డ విప్పి, అరచేయంత నల్లటి గోరు చాప మీద పెట్టాడు. సొరచేప పళ్లు ఏరి పోగేసే పిచ్చి ఉన్న అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"మేం దీన్ని కొండదయ్యం గోరంటాం. నువ్వేమో పాతకాలం సొరచేప పన్నంటావు. ఏదో తేల్చు తల్లీ."

"కోప్పడకండి గురువుగారూ. ఇది గోరూ కాదు, పన్నూ కాదు. ప్లాస్టిక్."

"నోరు కడుక్కో! మూడొందల ఏళ్లుగా పూజలందుకుంటోంది!"

"రాయిగా మారిన పన్నయితే చల్లగా, బరువుగా ఉంటుంది. ఇది దూదిలా ఉంది. అంచున అచ్చు పోసిన అతుకు చూడండి. అసలుది ఎవరో కొట్టేసి ఇది పెట్టారు."

"ఎవరు పెడతారు? నా హయాంలో ఇది ఒక్కసారే గుమ్మం దాటింది. మ్యూజియానికి నకలు చేయిస్తానని మీ నాన్నే తీసుకెళ్లి, వారంలో తెచ్చిచ్చాడు. ఏమ్మా, అలా పాలిపోయావేం?"

"అసలుది ఎండలో పెడితే నీలంగా మెరిసేదా?"

"మెరిసేది! తర్వాత మెరవకపోతే నా చూపే మందగించిందనుకున్నా. అయినా నువ్వెప్పుడు చూశావు?"

"పళ్లు గుర్తుపట్టడం నాన్న నాకు దానితోనే నేర్పారు."