కంటిపాపను కుదించే చుక్క

1991 జూన్ పదిహేడవ తేదీన కోదాడలోని ఒక కంటి కేంద్రంలో ఆఫ్తాల్మిక్ అసిస్టెంటుగా, అంటే కంటి డాక్టరుకు సహాయకురాలిగా, ఉద్యోగ ప్రస్థానం ఆరంభించిన శ్రీమతి శాంతకుమారి గారు ఈ నెలాఖరున సూర్యాపేటలో పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సంచికకు వివరాలు అడగబోతే, "నన్నెందుకు పొగుడుతరు? కన్ను పోయినోళ్లను అడగరాదుండ్రి" అని మా నోళ్లు మూయించారు. ఆ నిస్పృహను దాచిపెట్టి ప్రశంసలు గుప్పించడం ఆమెకు అవమానమే అవుతుంది.

ఆ రోజుల్లో నీటికాసులకు, అంటే కంటిలో ఒత్తిడి పెరిగి చూపునరం చచ్చిపోయే జబ్బుకు, పైలోకార్పైన్ చుక్కలే పెద్ద దిక్కు. శరీరంలో నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి కండరాల మీది గ్రాహకాలకు ఆజ్ఞ అందిస్తాయి; పైలోకార్పైన్ ఆ రసాయనం కోసం కాచుకొని కూర్చోదు, తానే గ్రాహకాన్ని అంటుకొని పని చేయిస్తుంది. కంటిపాప కుంచించుకుపోతుంది, లోపలి కండరం బిగిసి నీరు పోయే దారి తెరుచుకుంటుంది, ఒత్తిడి దిగుతుంది. ఆపరేషన్ తరువాత మూత్రం బిగిసినవారికి ఇచ్చే బెథనెకాల్ మాత్రదీ ఇదే వంశం. చిలుకూరు, మేళ్లచెరువు శిబిరాల్లో ఆమె ఈ శాస్త్రమంతా రెండు ముక్కల్లో తేల్చేవారు: "నరం జెప్పాల్సిన మాట మందే పోయి జెప్తది. జరసేపటికి దాని పని ఖతం, మళ్ల ఏస్కోవాలె." పోయిన చూపును ఏ చుక్కా తిరిగి తేలేదని కూడా చెప్పేవారు, వినేవారే తక్కువ.

ఆమె మిర్యాలగూడకు బదిలీ అయ్యాక రైస్ మిల్లు హమాలీ భీమ్లా నీటికాసుల జబ్బుతో ఆమె దగ్గరికి రాసాగాడు. ఎప్పుడు కొలిచినా ఒత్తిడి అదుపులోనే ఉండేది. ఆమె మురిసిపోయి, "భీమ్లాను సూసి నేర్సుకోండ్రి" అని వరుసలో ఉన్నవారందరికీ చెప్పేవారు. తీరా చూపు పరిధి పరీక్ష చేయిస్తే ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోతూ ఉంది. అయ్యో, ఇదెట్లా అని నిలదీస్తే ఆ అమాయకుడు తల వంచుకున్నాడు.

"మందేస్తే కంటిపాప సన్నగై గోదాము సీకటి అయితది మేడం. బస్తా మోసుకుంట లారీకి ఆనిచ్చిన బల్ల ఎక్కుతుంటే కాలు జారింది. అందుకే దవాఖానకు వచ్చే రోజు పొద్దుగాల ఒక్కసారే ఏస్కుంట. మీరు అందరి ముంగట మెచ్చుకుంటుండిరి గదా, మీ మాట పోవద్దని."

చుక్క వేసిన కాసేపటికే ఒత్తిడి దిగుతుంది. యంత్రం చూపింది అబద్ధం కాదు, ఆ ఒక్క పూట నిజం. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. తరువాత కొంతకాలానికి భీమ్లా రెండో కన్ను కూడా ఆరిపోయింది.

సూర్యాపేటకు మారాక ఆమె మరెవరినీ మెచ్చుకోలేదు. గోదాములో పనా, ఎండలో పనా అని ముందు అడిగి, అప్పుడే యంత్రం తీసేవారు. కొత్త మందులెన్ని వచ్చినా, నిరుడు మిర్యాలగూడ నుంచి వెతుక్కుంటూ వచ్చిన భీమ్లా కూతురు ద్వాళికి ఒకటి ఆయాసం పెంచింది, మరొకటి కళ్లకు పడలేదు. డాక్టరు గారు చివరికి పైలోకార్పైనే రాశారు. తండ్రి జబ్బే, అదే మిల్లు. ఈ పిల్ల కళ్లైనా దక్కితే చాలునని శాంతకుమారి గారి ఆరాటం అంతా ఇంతా కాదు.

మొన్న చివరి పరీక్షకు వచ్చిన ద్వాళి నిజమే చెప్పింది. "రోజూ ఏస్తున్న మేడం, మీరు అడుగుతరని. మీరు దిగిపోతున్నరంట గదా, ఇగ ఎవరికోసం ఏయాలె?"

"పిచ్చిదానా, రిటైరయ్యేది నేను, నీ కండ్లు గాదు! మీ నాయిన జేసిందే జేస్తవా?" అని కసిరారు. "నెలనెలా మా ఇంటికి రా, నేను అడుగుత."

"గట్లయితే మీరున్నన్నాళ్లు ఏస్త" అంది ద్వాళి, అదేదో ఆమెకు చేస్తున్న ఉపకారంలా.

ఆ పిల్ల వెళ్లాక శాంతకుమారి గారు గోడవైపు తిరిగి, "ఇన్నేండ్లు ఏం నేర్పిన నేను?" అని వెక్కివెక్కి ఏడ్చారు.

శ్రీమతి శాంతకుమారి గారు సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాము. ఆమె ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ద్వాళి మందు వేసుకుంటుంది.