ఆవలింతకు నేను చెప్పిన కారణం

సభాధ్యక్షులు నరసింగరావుగారికి, వేదిక మీది పెద్దలకు, మధ్యాహ్నం రెండింటి నుంచి ఉపన్యాసాలు వింటూ ఇంకా కుర్చీల్లోనే ఉన్న మిత్రులకు నమస్కారం. వెనక ఎవరో ఆవలించారు. పరవాలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి ఇవాళ రిటైరైనవాణ్ని, నాకు అలవాటే. (నవ్వులు)

నేను చెప్పదలచుకున్నదీ ఆవలింత గురించే. ఈ కాలేజీలో చేరిన తొమ్మిదో ఏట శ్వాసక్రియ పాఠం చెబుతుంటే, రాజకుమారి అనే ఇంటర్ అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుని నోరు బార్లా తెరిచి ఆవలించింది. నాకు కోపం వచ్చింది. "ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఆవలింత వస్తుంది. బయట బోలెడుంది, పీల్చుకుని రా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మరి పరుగెట్టినప్పుడు ఆయాసమొస్తాది గానీ ఆవలింత రాదేటి సార్?" అని అడిగింది.

"ఎదురు చెబుతావా, ఫో" అన్నాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

నేను ఎచ్చెర్ల వెళ్లి పీజీ సెంటర్ లైబ్రరీలో కూర్చున్నాను. మనుషులకు ఆక్సిజన్ ఎక్కువగా ఇచ్చి చూసినా ఆవలింతలు తగ్గలేదని, నేను ఉద్యోగంలో చేరకముందే తేల్చేశారట. మెదడు వేడి తగ్గించడానికని ఈమధ్య కొందరు అంటున్నారు, మగత వదిలించడానికని కొందరు. ఇప్పటికీ తేలలేదు.

పదో రోజున వాళ్ల ఊరు వెళ్లాను. తల్లి జగ్గమ్మగారు వాకిట్లో వంకాయలు ఏరుతున్నారు. "తెల్లారగట్ల సీపురుపల్లి టేసన్లో కూరగాయల బుట్టలు రైలెక్కించి కాలేజీకొస్తాది బాబూ. ఆవలించక ఏటి సేస్తాది? అందరూ నవ్వినారట, ఇంక సదవనంతంది. సోమవారం నుంచి జూటుమిల్లుకెళ్తాది" అన్నారు.

లోపల్నుంచి ఆ పిల్ల వచ్చింది. "నేను చెప్పింది తప్పమ్మా. సరైనదేదో నాకూ తెలీదు" అన్నాను.

"ఆ మాట కిలాసులో సెప్తారా సార్?"

"చెప్తాను" అన్నాను.

మర్నాడు వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. నేను జీర్ణక్రియ మొదలుపెట్టాను. ఆ రోజూ చెప్పలేదు, ఆ మర్నాడూ చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. రెండేళ్లూ చివరి బెంచీలోనే కూర్చుని చదివింది. ఇప్పుడు బొబ్బిలిలో జంతుశాస్త్రమే చెబుతున్నారు. మూడో వరుసలో ఉన్నారు.

రాజకుమారిగారూ, ఆక్సిజన్ సంగతి తప్పు. మిమ్మల్ని బయటికి పంపడం అంతకంటే తప్పు. మాటిచ్చి ఇరవై రెండేళ్లు నోరు మూసుకోవడం అన్నిటికంటే తప్పు. క్షమించండి.

ఆక్సిజన్ అని రాసినవాళ్లందరికీ నేను మార్కులు వేశాను. వాళ్లలో ఒకరిద్దరు ఈ వేదిక మీదే ఉన్నారు. ఆ మార్కులు వెనక్కి తీసుకునే అధికారం సాయంత్రం ఐదింటితో పోయింది. (నవ్వులు)

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ, ఇంత దూరం వచ్చిన ఆమెకు మరీ మరీ కృతజ్ఞతలు. సెలవు.