జతగానే అమ్మబడును

రెండు రోజులు ఊళ్ళో లేని అక్క తిరిగొచ్చి, తన చెప్పుల కొట్టు గుమ్మంలోనే ఆగిపోయింది. గల్లాపెట్టె వెనక గోడకి కొత్త బోర్డు వేలాడుతోంది.

"జతగానే అమ్మబడును... ఇదెవరి తెలివిరా?"

"నాదే. ముందు లోపలికొచ్చి కూర్చో అక్కా."

"నిలబడే వింటాను, కానియ్."

"పెద్ద షోరూము వాళ్ళు మన సరుకు పెట్టుకుంటామన్నారు. కానీ ఒక్కో కాలికి ఒక్కో సైజు ఇవ్వడం, ఒంటి చెప్పు అమ్మడం మానెయ్యాలట. అయినా విడిగా మిగిలిపోయినవాటితో అటకంతా నిండిపోయింది, నువ్వు చూడట్లేదా?"

"నా ఎడమకాలికి ఏడో నంబరు, కుడికాలికి నాలుగు. పెళ్ళికి కూడా రెండు జతలు కొని, రెండు చెప్పులు పారేసినదాన్ని. ఆ కడుపుమంటతో పెట్టాన్రా ఈ కొట్టు."

"కడుపుమంటతో కొట్టు నడవదక్కా."

"మరి ఇన్నేళ్ళూ దేంతో నడిచింది? నీ బోర్డుతోనా?"

తమ్ముడు తుడిచిన గల్లాపెట్టెనే మళ్ళీ తుడిచాడు.

"ఈ రెండు రోజుల్లో ఒంటి చెప్పు కోసం ఎవరైనా వచ్చారా?"

"డ్రాయింగు మాస్టారు వచ్చారు. ఎప్పటిలాగే కుడికాలిదొక్కటే అడిగారు."

"ఇచ్చావా?"

"జత తీసుకోమన్నాను."

"రెండోది ఏ కాలికి వేసుకుంటారురా? ఆయనకున్నదే ఒక్క కాలు కదా."

"అరవకక్కా, బయటికి వినిపిస్తుంది."

"విననీ. ఆయనేమన్నారు?"

"నన్నేమీ తిట్టలేదు."

"ఏమన్నారని అడుగుతున్నాను."

"కర్రలు సర్దుకుని మెట్లు దిగుతూ... ఇకనుంచి మీ అక్కయ్య చెప్పులెక్కడ కొనుక్కుంటుంది బాబూ, అన్నారు."