నాలుగో బిడ్డకి ఫీజు లేదు

షార్జాలో టైర్ల కొట్ల వెనకాల రాయల్ ఆల్ప్స్ అంతర్జాతీయ పాఠశాల. గోడల నిండా మంచుకొండల బొమ్మలు, బయట ఆగస్టు ఎండ. ప్రవేశాల గది ముందు బెంచీ మీద ఇద్దరు ఈజిప్టువాళ్ళు కూర్చున్నారు: బాత్రూం టైల్స్ అమ్మే షౌకీ, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే రబాబ్. వాళ్ళు భార్యాభర్తలు కారు. అవునని ఇంకో కాసేపట్లో నమ్మించాలి.

"అలా కాదండీ. మొగుణ్ణి ఏ ఆడదైనా అలా అడుగుతుందా? 'కొంచెం జరుగుతారా షౌకీ గారూ, మీకు ఇబ్బంది లేకపోతే' అని?"

"మరెలా అడగాలి?"

"అడగకూడదు. మోచేత్తో తొయ్యాలి."

"పరాయి మగాణ్ణి మోచేత్తో ఎలా తోస్తానండీ?"

"పరాయి అనకండి. ఆ తలుపు అట్టముక్కలా ఉంది, అన్నీ లోపలికి వినపడతాయి."

"సరే. లమీస్ వాళ్ళ నాన్నా, జరుగు."

"అదీ. మా పెద్దదాని పేరు పెట్టి పిలిచారు, బాగుంది; ఇప్పుడు ఆ పిలుపుకి కాస్త విసుగు కలపండి. ఏళ్ళ తరబడి కాపురం చేసిన విసుగు."

"విసుగు నేర్చుకోనక్కర్లేదు లెండి. ఈ వేసవంతా స్కూళ్ళ చుట్టూ తిరిగిన విసుగు మూటగట్టి పెట్టుకున్నాను. లోపల పిల్లలేం చేస్తున్నారో. ఏం వినపడట్లేదు."

"నా భయమూ అదే. ఈపాటికి ఏడుపులు మొదలవ్వాలి."

"నాకు ఇంకోసారి చెప్పండి. మీ ముగ్గురాడపిల్లల్నీ, మా బాసిల్‌నీ గదిలో కూర్చోబెట్టారు. నలుగురికీ కలిపి ఒక్క మామిడి రసం డబ్బా ఇచ్చారు. అంతేనా?"

"అంతే. తోబుట్టువులైతే కొట్టుకుంటారు. కాకపోతే 'నువ్వు తాగు, కాదు నువ్వు తాగు' అంటారు. అదే పరీక్ష."

"ఇదేం పరీక్షండీ? కాగితాలు చూస్తే సరిపోదా?"

"చూసేవాళ్ళేనట. పోయినేడాది ఒకాయన లెబనాన్ పిల్లనీ, సూడాన్ పిల్లాణ్ణీ, ఫిలిప్పీన్స్ కవలల్నీ తీసుకొచ్చి, అంతా నా రక్తమే అన్నాడట. కాగితాలన్నీ ముద్రలతో సహా సక్రమంగా ఉన్నాయట. అప్పట్నుంచీ ఈ స్కూలు కాగితాల్ని నమ్మడం మానేసింది."

"మనుషుల్ని నమ్ముతోందా?"

"మనుషుల్నీ నమ్మదు. జుట్లు పట్టుకుంటే నమ్ముతుంది."

"మునిగాను. ఎవరేమిచ్చినా ముందు పక్కవాళ్ళకి పెట్టి తినమని వాడికి నేనే నేర్పాను. నా పెంపకమే నా కొంప ముంచేట్టుంది."

"మావాళ్ళ మీద నమ్మకం ఉంచండి. మా చిన్నది అన్నంలో నిమ్మబద్ద కోసం కూడా కొరుకుతుంది."

"ఇది తప్పితే నాకింకో దారి లేదు షౌకీ గారూ. మీకు తెలుసు కదా. ఆదివారం మా అన్నయ్య మా ఊరు మన్సూరా వెళ్తున్నాడు. సీటు రాకపోతే బాసిల్‌ని కూడా తనతో పంపెయ్యాలి. మా అమ్మ పెంచుతుంది, బాగానే పెంచుతుంది, కాదనను. కానీ ఆరేళ్ళ వాడు. మళ్ళీ వేసవికి నేను వెళ్ళేసరికి నన్ను చూసి సిగ్గుపడతాడు. అది నేను తట్టుకోలేను."

"పంపనక్కర్లేదు. ఎందుకు పంపుతారు?"

"వేరే స్కూలు చూసుకోవచ్చుగా అంటారు అందరూ. చూశాను. పక్కనున్న అజ్మాన్‌లో ఒక చోట, ఇది అంతర్జాతీయం ఎలా అయిందండీ అని అడిగితే, గోడ మీద నాలుగు గడియారాలు చూపించారు. లండన్, టోక్యో, న్యూయార్క్, అజ్మాన్. నాలుగూ ఆగిపోయి ఉన్నాయి."

"ఈత కొలను ఉన్న స్కూలుకి కూడా వెళ్ళారుగా."

"ఉంది, నీళ్ళు లేవు. పిల్లలంతా ఆ గచ్చు మీద బోర్లా పడుకుని చేతులు ఆడిస్తున్నారు. నీళ్ళు రెండో తరగతి నుంచట. ఇంకో చోట ఫిన్లాండ్ పద్ధతి అన్నారు. ఏమిటా పద్ధతి అంటే, పుస్తకాలుండవు, పరీక్షలుండవు. పంతుళ్ళేరీ అంటే, వాళ్ళ వీసాలు ఇంకా రాలేదు, వచ్చేదాకా ఇదే పద్ధతి అన్నారు."

"ఇక్కడ పంతుళ్ళున్నారు. దానికి నాది పూచీ. నా పిల్లలకి లెక్కలొచ్చు."

"ఇక్కడ మామూలు సీట్లన్నీ పోయిన చలికాలమే నిండిపోయాయన్నారు. మీ నాలుగో బిడ్డ సీటొక్కటే దిక్కు. ఇప్పుడైనా నిజం చెప్పండి, మీరెందుకు చేస్తున్నారిదంతా?"

"చెప్పానుగా. ముగ్గురు పిల్లలు చదివే ఇంటికి నాలుగో బిడ్డ సీటు విడిగా ఉంచుతారు, ఫీజుండదు. మా ఇంటి నాలుగోది ఉత్తినే పడుంది. ఊరికే వచ్చేదాన్ని వదిలేస్తే మా అమ్మ నాకు అన్నం పెట్టేది కాదు."

"అంతేనా?"

"అంతే."

"ఎప్పుడొచ్చింది మీకీ ఆలోచన?"

"మొన్న గురువారం. మా మధ్యదానికి పన్ను పీకుతుంటే మీరు దాని చెయ్యి పట్టుకుని కథ చెప్పారే, అప్పుడు. అంటే, ఆ కథకని కాదు. అప్పుడే ఫీజు సంగతి గుర్తొచ్చింది."

"పన్ను పీకుతుంటే ఫీజు గుర్తొచ్చిందా?"

"రెండూ ఒకలాగే ఉంటాయి కదండీ."

"మరి మీ చిన్నదాని పళ్ళకి ఏ జబ్బూ లేదని డాక్టరు చెప్పి చెప్పి అలిసిపోయాడు. వారం వారం దాన్నెందుకు తెస్తున్నట్టు?"

"పళ్ళ విషయంలో అజాగ్రత్త పనికిరాదు. అది వదిలెయ్యండి. లోపల పరీక్ష పెట్టే ఆవిడ బయటికొచ్చేలోపు మనం ఒక పోట్లాట సాధన చెయ్యాలి. అందరు మొగుడూపెళ్ళాల మాటల మీదా ఆవిడ ఓ చెవి వేసి ఉంచుతుందట."

"దేని మీద పోట్లాడదాం?"

"మీ ఆయనతో దేని మీద పోట్లాడేవారు?"

"పోట్లాడటానికి ఆయన ఇంట్లో ఉంటేగా. విడాకుల రోజున మొదటిసారి ఆయన్ని పగటి వెలుతురులో సరిగ్గా చూశాను. ఇప్పుడు అలెగ్జాండ్రియాలో ఇంకొకావిడ చూస్తోంది. మీరూ మీ ఆవిడా?"

"వంట మీద. ముఖ్యంగా ములూఖియా మీద. మీరు ములూఖియా వండుతారుగా?"

"మన్సూరాలో పుట్టి ఆ ఆకుకూర వండకుండా ఉంటానా?"

"అయితే వెల్లుల్లి తాలింపు కూరలో పడేటప్పుడు, గుండె జారినట్టు 'హా' అని ఊపిరి ఎగపీలుస్తారా, లేదా?"

"లేదు."

"లేదా?"

"అదొక చాదస్తం. వంటకీ ఊపిరికీ ఏమిటి సంబంధం?"

"మన ముత్తవ్వలంతా వెర్రివాళ్ళా అయితే? ఆ 'హా' లేకపోతే అది ములూఖియా కాదు, గడ్డి పులుసు. మా ఆవిడ సమీహా 'హా' అంటే పై అంతస్తువాళ్ళు గిన్నెలు పట్టుకుని కిందకి దిగేవాళ్ళు."

"ఇది సాధనేనా, నిజంగానే అంటున్నారా?"

"సాధనే. కానీ పెరిగే పిల్లాడికి గడ్డి పులుసు పెడుతున్నారంటే నాకు బాధగా ఉండదూ?"

"గడ్డా? మా బాసిల్ గిన్నె ఊడ్చుకుని తింటాడు."

"పాపం, వాడికి వేరేది తెలీదుగా."

"ఇదిగో షౌకీ. పోయినావిడంటే నాకు గౌరవం ఉంది. దేవుడావిణ్ణి చల్లగా చూడాలి. కానీ ఆవిడ తాలింపు పక్కన నా తాలింపు పెట్టి చూశావంటే, సీటూ వద్దు నీ ములూఖియా వద్దు, లేచి పోతాను."

"ఎవరు పెట్టారు పక్కన? ఊపిరి పీల్చమన్నాను. అదేమన్నా ఖర్చా?"

"నీకు ఊరికే వచ్చేదల్లా కావాలి. సీటు ఊరికే కావాలి, ఊపిరి ఊరికే కావాలి. అంత మోజుంటే నువ్వే పీల్చుకో."

"పీల్చాను."

"ఏమిటి?"

"ఆవిడ పోయాక నేనే వండి, నేనే 'హా' అన్నాను. ఘాటు గొంతులోకి పోయి దగ్గొచ్చింది. పిల్లలు ముగ్గురూ పడీ పడీ నవ్వారు. తర్వాత ముగ్గురూ ఏడ్చారు. ఇంక మా ఇంట్లో ములూఖియా వండటం మానేశాం."

"నాతో ఎప్పుడూ అనలేదే."

"పళ్ళ డాక్టరు దగ్గర ఇలాంటివి ఏం చెప్తారు?"

"చాదస్తమని మానెయ్యలేదు నేను."

"మరి?"

"ఇద్దరికే వండుకునేటప్పుడు 'హా' అంటే వంటింట్లో నా గొంతొక్కటే వినపడుతుంది. పక్కన ఎవరూ లేరని అప్పుడే తెలుస్తుంది. అందుకని నోరు మూసుకుని వేస్తాను తాలింపు. చాలా?"

"చాలు. ఇందాక నన్ను 'నువ్వు' అన్నారు."

"కోపంలో వచ్చింది. తప్పుగా అనుకోకండి."

"అనుకోలేదు. అలాగే ఉంచెయ్యండి."

"క్షమించాలి సార్, మేడమ్. ఇటు చూస్తారా? నేను లూర్దెస్‌ని, ప్రవేశాలు చూసేది నేనే. తలుపు తీసి చాలాసేపైంది."

"ఎంతసేపైంది మిస్ లూర్దెస్?"

"గడ్డి దగ్గర్నుంచి ఉన్నాను సార్. మాటలు నాకు లెక్క కాదు, పోట్లాటే లెక్క; మీ ఇద్దరి గురించీ నాకు ఏ అనుమానమూ లేదు. ములూఖియా అంటే ఏమిటో నాకు తెలీదు గానీ, దాని మీద అంత కోపం పరాయివాళ్ళకి రాదు. మీరు పాసయ్యారు."

"పిల్లలో?"

"రసం డబ్బా పెట్టిన చోటే ఉంది మేడమ్. ఎవరూ ముట్టుకోలేదు."

"ఎవరూనా?"

"బాబు ముందు పెద్దమ్మాయికి ఇచ్చాడు. పెద్దమ్మాయి చిన్నమ్మాయికి ఇచ్చింది. చిన్నమ్మాయి నాకు ఇచ్చింది."

"చూశారా షౌకీ గారూ. అనుకున్నంతా అయింది. మన్సూరాయే వాడికి గతి."

"మర్యాద తెలిసిన పిల్లలండీ మావాళ్ళు. అదేమన్నా నేరమా?"

"రసం వరకు నేరమే సార్. కానీ తర్వాత కొట్టుకున్నారు. ఈ గదిలో నేనింతవరకు అలాంటి కొట్లాట చూడలేదు. బాబు పెద్దమ్మాయి జడ వదల్లేదు. చిన్నమ్మాయి బాబు చొక్కా బొత్తాలు రెండు తెంపింది. మధ్యమ్మాయి ఎవరి పక్షమో తెలీదు గానీ అందర్నీ కొట్టింది. కాబట్టి సీటు మీదే. అభినందనలు."

"వచ్చేసిందా? నిజంగా? మిస్ లూర్దెస్, మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. షౌకీ గారూ, విన్నారా? వాడెక్కడికీ వెళ్ళనక్కర్లేదు."

"విన్నాను. చెప్పానుగా. ఇంక పదండి, ఎండ ముదరకముందే బయటపడదాం."

"ఉండండి. రసం ముట్టుకోకుండా దేనికి కొట్టుకున్నట్టు?"

"పిల్లలకి కారణం కావాలా? పదండి పదండి."

"మంచం గురించి మేడమ్."

"ఏ మంచం?"

"మీ ఇంట్లో బాబు మంచం. దాన్ని కిటికీ దగ్గరికి జరపాలని చిన్నమ్మాయి. కుదరదు, నాన్న తలుపు పక్కనే బిగించాడు, రంజాన్ నెలలో తెచ్చినప్పట్నుంచీ అక్కడే ఉంది, బాసిల్ వచ్చేదాకా దాని మీద ఎవరూ కూర్చోకూడదన్నాడు అని పెద్దమ్మాయి. అది నా మంచమైతే నాకు కిటికీ కావాలి అని బాబు. అక్కడ మొదలైంది."

"షౌకీ."

"తగ్గింపులో వచ్చిందండీ. రంజాన్‌లో అన్నిటికీ తగ్గింపేగా."

"మొన్న గురువారం తట్టిందన్నావు."

"సీటు సంగతి గురువారమే తట్టింది. ఒట్టు."

"రంజాన్‌లో నీకు నా పేరు కూడా తెలీదు."

"బాసిల్ పేరు తెలుసు. నువ్వే పిలిచేదానివిగా, లోపల్నుంచి, నిమిషానికోసారి. నీ పని అయ్యేదాకా వాడు ఆ పళ్ళ డాక్టరు వెయిటింగ్ గదిలో మూడు కుర్చీలు కలుపుకుని పడుకునేవాడు. కుర్చీల మధ్య సందులోకి కాలు జారిపోతుండేది. నేను ఎత్తి పైన పెట్టేవాణ్ణి, మళ్ళీ జారేది. ఓ రోజు ఇంటికెళ్తూ మంచం కొన్నాను. నీతో ఎలా చెప్పాలో తెలీక, చిన్నదాని పళ్ళు చూపిస్తూ వచ్చాను."

"మేడమ్? మేడమ్, కూర్చోండి. మంచినీళ్ళు తెప్పించనా? సీటు వచ్చింది కదా, ఏడుస్తారెందుకు? బాబు పేరు రాసుకుంటాను, తండ్రి పేరు షౌకీ గారిదే కదా?"

"ఇప్పుడే రాయకండి మిస్ లూర్దెస్. ఆ సీటు ఎవరికీ ఇవ్వకుండా ఒక్క వారం ఆపండి, నాకూ షౌకీకీ ఇంకా పెళ్ళి కాలేదు."