మగ్దలేనమ్మ నారింజ మొక్కలు

ఏటే రత్నాలు, ఆ అట్ట మీద గుండెకాయ బొమ్మేసి రంగు పూస్తన్నావు? బళ్ళో సైన్సు ఫేరుకా? ఒసే గుంటా, ఈ కొండల్లో మొట్టమొదట సైన్సు ప్రయోగం సేసినోడెవడనుకున్నావు? మీ తాతే! ఏటా నవ్వు? సరేలే, రెండోవోణ్ణి. ఆ యేడు సేసినోళ్ళం ఇద్దరమేలే. మొదటిది మగ్దలేనమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది మహాతల్లి. ఉండుంటే నీ అట్ట సూసి, "ఇది కొట్టుకుంటాదేటే?" అని అడిగీసేది.

అప్పటికింకా తెల్లదొరల రాజ్యం. పాచిపెంట పైన మిషను బడి మాది. ఫిలిప్పు పంతులని ఉండీవోడు, గొంతు సూస్తే గుడిగంట, మనిషి సూస్తే వెదురుబొంగు. "పుస్తకంలో కప్ప ఎగరదర్రా, వాగుకి పోయి సూడండి!" అనీవోడు. ఆ యేడు ఇన్‌స్పెక్టరు వరహాలరావు గారు వస్తన్నాడని కబురు. జీవశాస్త్రంలో ఎవరి ప్రయోగం బాగుంటే ఆ ఒక్కరినీ కింద పెద్దబడికి పంపుతాడంట. మగ్దలేనమ్మకి, మేం మగ్ది అనీవోళ్ళం, పంతులమ్మ అవ్వాలని పిచ్చి. ఆ సీటు తప్పిందా, ఇంటికి పోయి సోళ్ళ చేలో కలుపు తీసుకోడమే. అందుకని ఆ గుంట ఏటి సేసిందీ, బడి వరండాలో రెండు నారింజ మొక్కలు కుండీల్లో పెట్టింది. ఒకదాని మీద ఎర్రసీమల గూడు పెట్టింది. అదేనే, ఆకులు కుట్టుకుని ఉంటాయి, ముట్టుకుంటే పీకి పెడతాయి, ఆ సీమలు. రెండో కుండీని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టింది, సీమలు దాటకుండా. రెండిటి మీదా ఆకుపురుగుల్ని సమానంగా వదిలింది. కొన్నాళ్ళకి నీళ్ళలో మొక్క ఒట్టి పుల్లలయిపోయింది. సీమల మొక్క పచ్చగా, నిండుగా ఉండిపోయింది! పురుగుల్ని సీమలు తినీసినాయి కదా మరి. నాకు లోపల గుబులే, అయినా నా పెట్టి నాకుంది కదాని ధీమాగా తిరిగాను. నా పెట్టి సంగతా? ఉండవే, బేగి పోయే రైలేటి నీకు?

ఇన్‌స్పెక్టరు వచ్చిన పొద్దున్నే మగ్ది మామ్మ, కనకని ఉండీది, కొండ దిగి వచ్చీసింది. మా కొండోళ్ళకి ఒక పద్ధతుంది. సుట్టమొస్తే ఒట్టి అంబలి పొయ్యరు. సీమల గూడు దొరికితే పచ్చడి నూరి పెట్టడానికి సుట్టానికే దాస్తారు. వరండాలో గూడు సూసి ముసిల్ది మురిసిపోయింది. "ఓలమ్మ, నా గుంటకెంత బుద్ధే! దొరబాబు కోసం పెంచి ఉంచింది!" అనీసి గూడు కాస్తా దులిపీసి, ఉప్పూ మిరపకాయలూ వేసి నూరీసింది. డోలీ దిగిన వరహాలరావు గారికి అంబలి, ఆకుదొన్నెలో పచ్చడి. ఆయన నాలిక్కి రాసుకుని, "పంతులు గారూ, ప్రాణం లేచొచ్చిందండీ! చింతచిగురా?" అన్నాడు. ఏటో తెలీక పంతులు "అవునండి, అవునండి" అనీసినాడు.

దొన్నె చేత్తో పట్టుకునే వచ్చినాడు వరండాలోకి. మగ్ది ప్రయోగమంతా చెప్పి, కొమ్మ ఎత్తి చూపబోతే గూడేదీ? తలుపు దగ్గర మామ్మ నవ్వుతా నిలబడింది, చేతులకి ఎర్రటి మరకలు. మగ్ది కొమ్మ వదిలీసింది. పారిపోయాయండీ అని ఒక్క మాట అనీస్తే సరిపోను. "చీమలేవమ్మా?" అన్నాడాయన. "తమరి దొన్నెలో ఉన్నాయండి," అంది మగ్ది.

పంతులు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వేలు నోటి దగ్గరే ఆగిపోయింది. దొన్నె సూసినాడు, పుల్లలు సూసినాడు, పచ్చటాకులు సూసినాడు. "మరి ఆకుల్ని కాపాడింది చీమలేనని నేనెలా నమ్మేది?" అన్నాడు. "నమ్మొద్దండి. ఈ నీళ్ళ పళ్ళెం తీసీసి, దీని మీదా గూడు పెట్టి సూడండి. చిగురు నిలబడితే అప్పుడు ఒప్పుకోండి," అంది ఆ గుంట, తల దించకుండా. ఆయన పకపకా నవ్వీసి, "సాక్షుల్ని నేనే తినేశాను, ఇంక తీర్పు నీవైపు చెప్పక తప్పదు," అని దొన్నె ఊడ్చి నాకీసినాడు. మామ్మేమో, "ఇంకొంచెం వెయ్యనా బాబూ?"

అలాగ ఎళ్ళిపోయింది పెద్దబడికి. పంతులమ్మయి తిరిగొచ్చి, పనిచేసిన ప్రతి బడి ముందూ నారింజ మొక్క నాటింది. సీమలతో సహా! పిల్లలు పీకించుకుని ఏడుస్తా అక్షరాలు దిద్దీవోళ్ళు.

నాదా? నాదెందుకులే, నీ గుండెకాయకి రంగారిపోతంది సూడు. వదలవా? సరే. చీకటిపెట్టికి ఒక పక్క బెజ్జం పెట్టి, లోపల ఉలవలు తడిగుడ్డలో ఏసాను. మొలకలు ఎలుగు వైపే వంగుతాయని చూపించాలని. రోజూ నీళ్ళు పోసాను, పాట కూడా పాడాను. వరహాలరావు గారు బెజ్జంలో కన్నెట్టి శానాసేపు సూసినాడు. "ఏమీ వంగలేదేం బాబూ?" అన్నాడు. వంగుతాయేటి, మొలిస్తే కదా! అవి మా అమ్మ దారిలో తినమని మూటకట్టిచ్చిన గుగ్గిళ్ళే. ఉడికిపోయినవి.