దాలమ్మ అడిగిన సంతకాల పుస్తకం

దాలమ్మ అని ఒకామె, మా టౌను గ్రంథాలయం ఊడ్చేది. ఆమె మొగుడు అసిరయ్య బస్తాలు మోసే కళాసీ. నలభై దాటాక నాతోపాటే రాత్రిబడిలో అక్షరాలు దిద్దాడులే. అక్షరం వచ్చిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం గ్రంథాలయానికి పోవడం, వాకిట్లో ఉండే సంతకాల పుస్తకంలో పేరు రాయడం, పేపరు చదవడం. పదకొండేళ్లు రాశాడంట. పోయాడు. ఫోటో అంటూ ఒక్కటి లేదు. అందుకని దాలమ్మ ఏం చేసేదంటే, పొద్దున్నే ఊడ్చేసి, ఆ పాత పుస్తకం తీసి, మొగుడి పేరు మీద వేలు పెట్టి దిద్దుకునేది. చదువు రాదు. ఆ ఒక్క పేరే వచ్చు.

ఇట్లా ఉండగా మున్సిపాలిటీవాళ్లు మీటింగు పెట్టారు. గ్రంథాలయం బాగు చెయ్యాలి అని ఒక తీర్మానం, ఊళ్లో పొడిచెత్త విడిగా పోగేసి మళ్లీ వాడకానికి పంపాలి అని ఇంకోటి. బాగానే ఉంది కదా? నేనూ బాగానే ఉందన్నాను. చెత్తకి రేకుల షెడ్డు వేశారు, బండి పెట్టారు, బండికి పాట పెట్టారు. ఊరంతా తిరిగితే ఏమొచ్చింది? చిరిగిన కవర్లు, కొబ్బరి చిప్పలు. మన ఆడవాళ్లు పాత పేపరు ఊరికే ఇస్తారా? నవ్వకు రవణమ్మా, మీ ఇంట్లోనూ అంతే. ఉల్లిపాయలవాడు వీధిలోకొస్తే పేపర్లిచ్చి ఉల్లిపాయలు పోయించుకుంటారు. చైర్మన్ గారింట్లోనూ అంతే అనుకో, ఆ ముక్క మీటింగులో మాత్రం ఎవరూ అనలేదు.

ఏమైందంటే, పై ఆఫీసరు షెడ్డు చూడ్డానికొస్తున్నాడని కబురొచ్చింది. షెడ్డు చూస్తే బోసిగా ఉంది. చైర్మన్ తల గోక్కుని, గ్రంథాలయం ఎలాగూ ఖాళీ చెయ్యాలి కదా, రంగులెయ్యడానికి, ఆ కాగితమంతా తెచ్చి షెడ్డులో పొయ్యండ్రా అన్నాడంట. దాలమ్మ అడ్డం పోయింది. "బాబూ, ఆ సంతకాల పుస్తకం ఒక్కటి నాకిచ్చేయండి. నా మొగుడు అందులో ఉన్నాడు" అంది. ఆయనేమన్నాడో తెలుసా? "అది గవర్నమెంటు ఆస్తి దాలమ్మా. ఎవరికి పడితే వాళ్లకిచ్చేస్తామా?" "మరి చెత్తలో వేస్తున్నారు కదా బాబూ?" "చెత్తకి తీర్మానం ఉంది. నీకివ్వడానికి లేదు." అదీ మాట.

పోనీ అని ఆమె షెడ్డుకి పోయింది. మూడు రోజులు గేటు దగ్గర కూచుంది. "తూకం వేసేశారు పిన్నీ, కాగితం తగ్గితే నా ఉద్యోగం పోద్ది" అన్నాడంట కాపలావాడు. వాడి తప్పేం లేదులే. ఆఫీసరొచ్చాడు, గుట్ట చూశాడు, చప్పట్లు కొట్టాడు, చైర్మన్‌కి శాలువా కప్పాడు. మర్నాడు లారీ వచ్చి మొత్తం కాగితం మిల్లుకి ఎత్తుకుపోయింది.

తర్వాత గ్రంథాలయం తెరిచారు. గాజు తలుపులు, ఏసీ, నున్నటి బల్లలు. పుస్తకాలు లేవు! వాటికి మళ్లీ తీర్మానం పెట్టాలంట. వాకిట్లో మాత్రం కొత్త సంతకాల పుస్తకం పెట్టారు. మొదటి సంతకం చైర్మన్‌ది. పక్కన చీపురు పట్టుకుని దాలమ్మ ఉంది. "రా దాలమ్మా, నువ్వూ ఒక వేలిముద్ర వెయ్యి" అన్నాడు నవ్వుతా. ఆమె చీపురు కింద పెట్టి, పెన్ను అడిగి తీసుకుని, వంగి, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది. అసిరయ్య. గుమాస్తా చూసి, చచ్చిపోయినోళ్ల పేర్లు రాస్తావేంటే, ఇది రికార్డు అని ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాడంట. ఆమె చీపురు అక్కడే వదిలేసి పోయింది. మళ్లీ ఊడవడానికి రాలేదు.

నేను పోయి చూశాను, ఊరికే చెప్పడంలేదు. బీరువాలన్నీ ఖాళీ. చైర్మన్ సంతకం గొలుసుకట్టు, అది ఎవరికీ అర్థంకాదు. ఇక అక్కడ చదువుకోడానికి ఉన్నది ఆ గీత కింద పేరొక్కటే. గీత కొట్టినా అక్షరాలు కనిపిస్తున్నాయి. అనుమానముంటే మీరూ పోండి. తలుపు తీసే ఉంటుంది, లోపలికి వచ్చేవాడే లేడు.